తల్లి మ్రింగిన మాత్ర – గర్భములోని బిడ్డ

పొలము పని ముగించుకొని సాయంకాలము ఇల్లు చేరు స్త్రీకి నడుము నొప్పి క్రొత్త కాదు. నాట్లు వేయుట, కలుపు తీయుట, ప్రత్తి ఏరుట, మిరపకాయలు కోయుట మున్నగునవి యన్నియు వంగి చేయవలసిన పనులే. మరునాటి కూలి పోకుండుటకై ఆమె పిల్లవానిని కొట్టుకు పంపి నొప్పి మాత్ర యొకటి తెప్పించుకొనును. నొప్పి తగ్గును; పని సాగును. గర్భిణిగా నున్నప్పుడు సైతము పలువురు స్త్రీలు ఈ అలవాటు మానుట లేదు. నెలలు నిండుకొలది నడుము నొప్పి హెచ్చును గనుక మాత్రల వాడుకయు హెచ్చుచుండును.

ఒక గ్రామమున పంచాయతీ వారి ఆరోగ్య సమావేశమునకు నేను పోయియుంటిని. గర్భిణులు వైద్యుని యడుగక నొప్పి మాత్రలు వాడరాదని ఏ.ఎన్.ఎమ్. చెప్పుచుండగా వయసు మళ్ళిన సభ్యుడొకరు లేచి, "అమ్మా! నొప్పి తల్లి నడుములో ఉంది. మాత్ర మింగింది తల్లి. మధ్యన కడుపులో బిడ్డకు ఏం సంబంధం?" అని యడిగిరి. ఆ ప్రశ్న సమంజసమైనది. కారణము తెలియని నిషేధమును ఎవ్వరును ఎక్కువ కాలము పాటింపరు. గడచిన 50 సంవత్సరములకు పైగా శాస్త్రజ్ఞులు సేకరించిన విజ్ఞానము ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది. దానిని సులభముగా వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ప్రోస్టాగ్లాండిను అననేమి?

మన శరీరములో ఒక అవయవము నుండి మరియొక అవయవమునకు వార్తలు చేరవేయు పదార్థములు అనేకములు కలవు. వానిలో హార్మోనులు ముఖ్యమైనవి. అవి తపాలాలో వచ్చు ఉత్తరముల వంటివి. ఒకచోట పుట్టి, రక్తములో ప్రయాణించి, దూరముననున్న అవయవమునకు చేరును. ప్రోస్టాగ్లాండినులు అట్టివి కావు. అవి గోడ మీదుగా పొరుగింటి వారిని పిలిచిన కేక వంటివి. అవసరమైన చోటనే పుట్టి, చుట్టుప్రక్కలనే పని చేసి, కొద్ది నిమిషములలో నశించును.

1935లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఉల్ఫ్ వాన్ ఆయిలర్ పురుషుల వీర్యములో ఈ పదార్థమును గుర్తించి, అది ప్రోస్టేటు గ్రంథి నుండి వచ్చుచున్నదని తలచి ఆ పేరు పెట్టెను. తరువాత ఇది స్త్రీ పురుషుల శరీరములలో దాదాపు అన్ని భాగములందును తయారగుచున్నదని తేలినది గాని, పేరు మాత్రము అట్లే నిలిచిపోయినది. స్వీడను దేశమునకే చెందిన సునె బెర్గ్‌స్ట్రామ్, బెంగ్ట్ సామ్యుయెల్‌సన్ అనువారు దీని నిర్మాణమును, ఇది తయారగు విధమును కనుగొనిరి.

ఆస్పిరిను మాత్ర 1899 నుండియు ప్రజల వాడుకలో నున్నది. అయినను అది నొప్పిని ఎట్లు తగ్గించునో 70 సంవత్సరముల పాటు ఎవ్వరికిని తెలియలేదు. 1971లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ ఆ రహస్యమును ఛేదించెను. దెబ్బ తగిలిన చోట ప్రోస్టాగ్లాండినులు తయారై నొప్పిని, వాపును పెంచును. ఆస్పిరిను ఆ తయారీనే ఆపివేయును. ఈ ముగ్గురు శాస్త్రజ్ఞులకును 1982లో నోబెల్ బహుమానము లభించినది.

ఇక్కడనే మన సభ్యుని ప్రశ్నకు సమాధానము ఆరంభమగుచున్నది. నొప్పి మాత్రకు నడుము తెలియదు, నొప్పి తెలియదు. దానికి తెలిసినదెల్ల ప్రోస్టాగ్లాండిను తయారీని ఆపుట మాత్రమే. రక్తములో కలిసిన మాత్ర మావిని దాటి బిడ్డ శరీరములో ప్రవేశించును. అక్కడ కూడ అదే పని చేయును. అయితే బిడ్డ శరీరములో ప్రోస్టాగ్లాండిను నొప్పిని కలిగించుటకు లేదు. ప్రాణాధారమైన పనులను నడుపుటకు ఉన్నది.

తయారు చేయువారు, తుడిచివేయువారు

కణముల పొరలలో అరాకిడోనికామ్లమను క్రొవ్వు పదార్థము నిలువయుండును. అవసరము కలిగినపుడు అది విడుదలయగును. కాక్స్-1, కాక్స్-2 అను రెండు ఎంజైములు దానిని పట్టి ప్రోస్టాగ్లాండినుల మూలరూపముగా మార్చును. తరువాత మరికొన్ని ఎంజైములు ఆ మూలరూపము నుండి వేరువేరు రకములను తయారు చేయును. ఒకే పిండితో రొట్టెయు, గారెయు చేసినట్లే ఇదియును. పని పూర్తియైన పిమ్మట ప్రోస్టాగ్లాండినును విచ్ఛేదించి తొలగించు ఎంజైము మరియొకటి కలదు. కళ్ళమున ధాన్యము నూర్చువారెంత అవసరమో, పని ముగిసిన తరువాత ఊడ్చువారును అంతే అవసరము కదా!

కాక్స్-1 అనేక అవయవములలో ఎల్లప్పుడును ఉండి దైనందిన కార్యములను నిర్వహించును. కాక్స్-2 పెద్దవారిలో ఎక్కువ భాగము దెబ్బ తగిలినపుడును, జ్వరము వచ్చినపుడును పుట్టును. అందుచేత దీనిని చాల కాలము నొప్పికి సంబంధించిన ఎంజైముగానే భావించుచుండిరి. గర్భస్థ శిశువును పరిశీలించిన పిదప ఆ భావము సగమే సత్యమని తెలిసినది. ఏ గాయమును లేకయే, కేవలము అవయవముల పెరుగుదల కొరకే ఈ ఎంజైము శిశువు యొక్క మూత్రపిండములు మొదలగు చోట్ల తయారగుచున్నది.

మూల రిజిస్టరు, నకలు

ఒక ఎంజైము ఏ అవయవములో, ఏ నెలలో తయారు కావలెనని నిర్ణయించునదెవరు? పంచాయతీ సభ్యులకు ఇది సులభముగా అర్థమగు విషయము. గ్రామ కార్యాలయమున భూముల రిజిస్టరు ఒకటి ఉండును. ఊరి పొలములన్నియు అందులో వ్రాయబడియుండును. అయితే రైతు తనకు కావలసిన సర్వే నంబరునకే నకలు తీసికొని పోవును. మూల రిజిస్టరు కార్యాలయము దాటి పోదు. పని నడచునది నకలు మీదనే.

మన కణములలోని జన్యువులు కూడ ఇట్టివే. మనుష్యునకు ఎంజైములను, ఇతర మాంసకృత్తులను నిర్మించు జన్యువులు సుమారు 20,000 గలవు. ఎర్ర రక్తకణముల వంటి కొన్నిటిని మినహాయించినచో, ప్రతి కణమునందును ఆ రిజిస్టరు సమగ్రముగా నుండును. గుండె కణములో నున్నదియు, మూత్రపిండపు కణములో నున్నదియు ఒకే రిజిస్టరు. కాని ఏ కణము తనకు కావలసిన పుటకే నకలు తీసి, ఆ నకలు ప్రకారము ఎంజైమును తయారు చేసికొనును. ఇట్లు నకలు తీయుటనే శాస్త్రజ్ఞులు జన్యు వ్యక్తీకరణ మందురు. కాక్స్-1 జన్యువు 9వ క్రోమోజోము మీదను, కాక్స్-2 జన్యువు 1వ క్రోమోజోము మీదను, విచ్ఛేదించు ఎంజైము యొక్క జన్యువు 4వ క్రోమోజోము మీదను కలవు.

నకళ్ళు ఎన్ని తీయబడినవో లెక్కించినచో ఆ అవయవము ఆ సమయమున ఏ పనిలో నున్నదో తెలిసికొనవచ్చును. ఇట్టి పరిశోధనకు ఇంగ్లండులోని లండను, న్యూకాసిల్ నగరములలో 1999 నుండి ఒక సంస్థ పని చేయుచున్నది. చట్టప్రకారము గర్భస్రావము జరిగినపుడు, తల్లి వ్రాతపూర్వకముగా సమ్మతించినచో, పిండము యొక్క అవయవములను భద్రపరచి శాస్త్రజ్ఞులకు అందించుచున్నది. దుఃఖములో నుండియు సమ్మతి నొసగిన ఆ తల్లుల ఉదారత వలన మరెందరో బిడ్డలకు మేలు కలుగుచున్నది.

గుండె కడ నున్న అడ్డకాలువ

గర్భములోని శిశువు గాలి పీల్చదు. దాని ఊపిరితిత్తులు ద్రవముతో నిండియుండును. ప్రాణవాయువు తల్లి నుండి మావి ద్వారా, బొడ్డుత్రాడు వెంట వచ్చుచుండును. కావున ఊపిరితిత్తులకు ఎక్కువ రక్తము పంపుట వృథా. ఇంకను దున్నని పొలమునకు ఏ రైతును నీరు పెట్టడు. అడ్డకాలువ త్రవ్వి ఆ నీటిని మరియొక పెద్ద కాలువకు మళ్ళించును. ప్రకృతియు అట్లే చేసినది. ఊపిరితిత్తులకు పోవు రక్తనాళము నుండి శరీరమునకు పోవు పెద్ద ధమనికి ఒక అడ్డకాలువ నేర్పరచినది. దీనిని డక్టస్ ఆర్టీరియోసస్ అందురు.

ఈ కాలువను తెరచియుంచునది ఎవరు? నీరటి తూము వద్ద నిలిచి తలుపు పట్టుకొనినట్లు, ప్రోస్టాగ్లాండిను-ఇ ఆ నాళపు కండరమును సడలించి తెరచియుంచును. కెనడా దేశములోని టొరాంటో నగరమున కొచియాని, ఆలీ అను శాస్త్రజ్ఞులు గొఱ్ఱెపిల్లల నాళములను పరీక్షించి 1973లో ఈ విషయమును వెల్లడించిరి.

ఈ ప్రోస్టాగ్లాండిను కొంత మావిలోను, కొంత ఆ నాళములోనే తయారగును. బిడ్డ పుట్టి మొదటి ఏడుపు ఏడ్చినంతనే పరిస్థితి మారిపోవును. మావి తొలగిపోవును గనుక అక్కడి సరఫరా ఆగిపోవును. ఊపిరితిత్తులు విచ్చుకొని రక్తమంతయు వాని గుండ ప్రవహించును. అక్కడి విచ్ఛేదక ఎంజైము మిగిలిన ప్రోస్టాగ్లాండినును తుడిచివేయును. ప్రాణవాయువు హెచ్చుటయు తోడై, నెలలు నిండి పుట్టిన బిడ్డలలో సాధారణముగా మూడు దినములలో అడ్డకాలువ మూసికొనును. తుడిచివేయు ఎంజైము ఎంత ముఖ్యమో 2008లో ఇంగ్లండులోని లీడ్స్ నగర శాస్త్రజ్ఞుల పరిశోధన వలన తెలిసినది. ఆ జన్యువు లోపించిన కుటుంబములలో వ్రేళ్ళ కొనలు ఉబ్బుట, కీళ్ళ నొప్పులు కనబడుటయే గాక, కొందరు బిడ్డలకు ఈ నాళము మూసికొనలేదు.

ఈ విజ్ఞానము ఇప్పటికే అనేక శిశువుల ప్రాణములు నిలిపినది. కొందరు బిడ్డలు పుట్టుకతోనే గుండె లోపములు కలిగి, ఆ అడ్డకాలువ మీదనే ఆధారపడి బ్రదుకుదురు. వారికి శస్త్రచికిత్స జరుగువరకు ప్రోస్టాగ్లాండినును మందుగా నెక్కించి నాళమును తెరచియుంచెదరు. ఈ చికిత్స 1975 నుండి వాడుకలోనికి వచ్చినది. ఇక నెలలు నిండక పుట్టిన కొందరు బిడ్డలకు నాళము మూసికొనదు. వారికి నొప్పి మాత్రల జాతికి చెందిన ఇండోమెథాసిను నిచ్చి మూయవచ్చునని 1976లో ప్రకటింపబడినది.

ఇక ఆలోచింపుడు. పుట్టిన బిడ్డలో ఆ కాలువను మూయగల మందును ఇంకను గర్భములోనే యున్న బిడ్డకు, తెలియక, తల్లి ద్వారా పంపినచో ఏమగును? నీరటి చేయి విడచును. కాలువ సమయము రాకముందే ముడుచుకొనును. గుండె కుడిభాగము మీద భారము పడును. పుట్టిన తరువాత బిడ్డకు ఊపిరితిత్తులలో రక్తపుటొత్తిడి హెచ్చి శ్వాస కష్టమగును. ముఖ్యముగా 30 వారములు దాటిన గర్భములో ఈ ప్రమాదము ఎక్కువ.

మూత్రపిండములు – ఉమ్మనీరు

గర్భసంచిలో బిడ్డ చుట్టును ఉమ్మనీరు ఉండును. గర్భము సగము గడచిన తరువాత ఈ నీటిలో అధిక భాగము బిడ్డ విసర్జించు మూత్రమే. బిడ్డ దానిని మ్రింగుచు, మరల విసర్జించుచు నుండును. ఈ నీరు తగ్గినచో బిడ్డ కదలుటకు చోటు చాలదు, బొడ్డుత్రాడు నొక్కుకొనవచ్చును, చాల కాలము తగ్గియున్నచో ఊపిరితిత్తులు సరిగా పెరుగవు.

బిడ్డ మూత్రపిండములకు రక్తము చక్కగా ప్రవహించుటకు ప్రోస్టాగ్లాండినులు అవసరము. మూత్రపిండముల నిర్మాణమునకు సైతము అవి తోడ్పడును. కాక్స్-2 జన్యువును తొలగించిన చిట్టెలుకలకు మూత్రపిండములు సరిగా పెరుగలేదని అమెరికా శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించిరి. నొప్పి మాత్రలు వాడిన గర్భిణులలో బిడ్డ మూత్రము తగ్గి, ఉమ్మనీరు క్షీణించిన సందర్భములు వైద్యుల దృష్టికి వచ్చినవి. వీనిని పరిశీలించిన పిదప అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో ఒక హెచ్చరిక జారీ చేసినది. అంతకు ముందు ఈ మందులను 30 వారముల నుండి మానవలెనని చెప్పుచుండిరి. ఈ హెచ్చరికతో 20 వారముల నుండియే, అనగా అయిదవ నెల నుండియే, వైద్యుని సలహా లేక వాడరాదని నిర్ణయింపబడినది.

ఊరట కలిగించు విషయము కూడ ఒకటి కలదు. సాధారణముగా కొన్ని దినములు లేక వారములు వాడిన తరువాతనే నీరు తగ్గుట కనబడును. ఎక్కువ మందిలో మందు మానినంతనే మరల పెరుగును. కావున తెలియక ఒకటి రెండు మాత్రలు వాడిన తల్లి భయపడనక్కరలేదు. ఆ మాట దాచక ఏ.ఎన్.ఎమ్.తో చెప్పి పరీక్ష చేయించుకొనవలెను.

మూడవ తరము మాట

ఆడశిశువు తన జీవితమునకు కావలసిన అండముల నన్నిటిని తల్లి గర్భములో నుండగానే సమకూర్చుకొనును. ఈ అండకణముల పెరుగుదలలో కూడ ప్రోస్టాగ్లాండిను-ఇ పాత్ర వహించుచున్నదని స్కాట్లండులోని ఎడింబరో శాస్త్రజ్ఞులు 2009లో తెలిపిరి. 2018లో వారు ఐబుప్రొఫెను, పారాసిటమాలు మందులను ప్రయోగశాలలో పిండపు కణజాలము మీద పరీక్షింపగా అండమునకు మూలమైన కణములు తగ్గినవి. ఇది ప్రయోగశాలలో కనబడిన ఫలితమే గాని, మాత్ర వాడిన తల్లుల కుమార్తెలకు సంతానము కలుగదని దీని యర్థము కాదు. అయినను అవసరము లేని మాత్ర ఏదియు గర్భిణికి తగదని ఇది బోధించుచున్నది. తల్లి మ్రింగిన మాత్ర కుమార్తెనే గాక, మనుమల మాటను గూడ తడవునేమో యను జాగ్రత్త మంచిదే.

ఏది మానవలెను, ఏది మానరాదు

ఐబుప్రొఫెను, డైక్లోఫెనాకు, ఎసిక్లోఫెనాకు, నిమెసులైడు, నాప్రాక్సెను, మెఫెనమికామ్లము అనునవి అన్నియు ఈ జాతి మందులే. కొన్ని మాత్రలలో ఇవి పారాసిటమాలుతో కలిసియుండును. మాత్రల అట్ట మీది పేరు చదువక "పారాసిటమాలే కదా" యని వాడుట ప్రమాదకరము. సూదిమందుగా వేయించుకొనిన డైక్లోఫెనాకు కూడ మాత్ర వంటిదే. సూది గనుక మేలని తలచరాదు.

జ్వరము వచ్చినపుడు ఊరకుండుటయు తప్పే. అధిక జ్వరము బిడ్డకు హాని చేయును. అట్టి సమయమున వైద్యులు పారాసిటమాలును తగిన మోతాదులో, అవసరమైనన్ని దినములే వాడుమని చెప్పుదురు. వారి మాట పాటింపవలెను. అట్లే రక్తపుటొత్తిడి ప్రమాదము గల కొందరు గర్భిణులకు వైద్యులే చిన్న మోతాదు ఆస్పిరిను నిత్తురు. అది తల్లిని బిడ్డను కాపాడుటకు ఇచ్చినది. ఈ వ్యాసము చదివి దానిని మానరాదు.

పంచాయతీ చేయదగిన పని

గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘములో పంచాయతీ సభ్యులకు స్థానము కలదు. ఆ సమావేశమున ఈ విషయమును ఒక అంశముగా చేర్చుట మొదటి పని. ఊరిలోని మందుల దుకాణదారును, కిరాణా వర్తకుని, సూదులు వేయు ఆర్.ఎం.పి.ని పిలిపించి, గర్భిణికి చీటీ లేక నొప్పి మందు ఇయ్యరాదని నచ్చచెప్పుట రెండవది. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు ఏర్పాటైనవి. ఊరిలోని గర్భిణులందరును ఆ దినమున పరీక్షకు చేరునట్లు ఆశా కార్యకర్తకు తోడ్పడుట మూడవది.

అయితే అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఆ స్త్రీ మాత్ర మ్రింగినది అజ్ఞానము చేత మాత్రమే కాదు. కూలి పోవునను భయము చేత. మాత్ర మానుమని చెప్పి, వంగి చేయు పనికే ఆమెను పంపినచో మన బోధ ఫలింపదు. అయిదవ నెల దాటిన స్త్రీకి వంగి చేయు పని తప్పించి తేలిక పని చూపుట, పని చోట నీడయు, కూర్చుండుటకు చోటును కల్పించుట, మధ్యాహ్నము ఒక గంట నడుము వాల్చనిచ్చుట రైతులకు, మేస్త్రీలకు సాధ్యమైన విషయములే. పలుమార్లు విశ్రాంతియు, వేడినీటి కాపడమును మాత్ర అక్కర లేకుండ చేయును. నొప్పి తగ్గకున్నను, రక్తస్రావమున్నను, జ్వరమున్నను, బిడ్డ కదలిక తగ్గినను క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

నాడు సమావేశమున ప్రశ్నించిన ఆ పెద్దమనిషికి ఇచ్చు సమాధానము ఇంతే. తల్లికిని బిడ్డకును నడుమ గోడ లేదు. మావి మాత్రమే కలదు. తల్లి నడుములో నొప్పిని పుట్టించునదే బిడ్డ గుండె కడ కాలువ తెరచియుంచునది, బిడ్డ మూత్రపిండములను నడపునది. ఒకదానిని ఆపి మరియొకదానిని విడచిపెట్టు వివేకము మాత్రకు లేదు. ఆ వివేకము మనకుండవలెను.